ధైర్యోపదేశం పిల్లలకేనా?

ఈ మధ్య మా పాతబస్తీ ప్రైవేటు బడుల్లో ఒక కొత్త వ్రతం బయలుదేరింది. ఏడాదికొక పర్యాయం వ్యక్తిత్వ వికాసం పేరిట ఒక వక్తను పిలిపిస్తారు. మూడో తరగతి మొదలు ఏడో తరగతి దాకా పిల్లలందరినీ వరుసలుగా కూర్చోబెడతారు. వక్త మహాశయుడు గంటసేపు గర్జిస్తాడు. గొర్రెల మందలో కలవకండి, సింహంలా ఒంటరిగా నిలవండి, తోటివారు నవ్వినా మీరు మీరుగానే ఉండండి అని. పిల్లలు చప్పట్లు కొడతారు. అందరూ ఒకేసారి మొదలుపెడతారు, ఒకేసారి ఆపుతారు.

పదవీ విరమణ చేసిన తెలుగు పంతుల్ని గనుక ముందు వరుసలో నాకూ ఒక కుర్చీ వేస్తుంటారు. అట్లాంటి సభలు రెండు మూడు చూసిన తరువాత ఈ నాలుగు ముక్కలూ రాయక తప్పింది కాదు. ముందుగా ఒక చిన్న సవరణ. సింహం ఒంటరిగా బతికే జంతువు కాదు. ఆడసింహాలతో, కూనలతో కలిసి గుంపుగా ఉంటుంది. ఒంటరిగా తిరిగేది పులి. బహదూర్‌పురా జూపార్కు మాకు దగ్గరే. వక్తగారు ఒక పూట అక్కడ గడిపి ఉంటే ఈ ఉపమానదోషం దొర్లేది కాదు.

దోషం ఉపమానంతోనే ఆగిపోతే నేనూ ఊరుకునేవాణ్ణి. అట్లాంటి ఒక సభ జరిగిన హాలు గుమ్మం పక్కనే పాఠశాల వారి నియమావళి బోర్డు ఉన్నది. ఆవరణలో ఇంగ్లీషు తప్ప అన్యభాష మాట్లాడిన విద్యార్థికి పది రూపాయల జరిమానా. గుమ్మానికి లోపల 'మీరు మీరుగా ఉండండి'. గుమ్మానికి బయట 'మీ ఇంటి మాట మీ నోట వినిపించరాదు'. ఎనిమిదేళ్ల పసివాడు ఈ రెంటిలో దేనిని నమ్మాలి? వాడు తెలివైనవాడు, బోర్డునే నమ్ముతాడు. రుసుము పెట్టింది దానికే గదా!

ఆ పాఠశాల యజమానిని ఈ మాటే అడిగాను. ఆయన మర్యాదస్థుడు, కాఫీ తెప్పించాడు. "అన్ని బడుల్లోనూ ఉన్నది పంతులుగారూ, మా ఒక్కరికీ లేకపోతే తల్లిదండ్రులు ఏమనుకుంటారు?" అన్నాడు. అరవై మంది ఉద్యోగులకు జీతాలిచ్చే పెద్దమనిషి పక్క బడిని చూసి భయపడుతున్నాడు. మూడో తరగతి పిల్లవాడు మాత్రం పక్క బెంచీని చూసి భయపడరాదట.

నా అభియోగం ఇదే. మా పిల్లలు తోటివారిని చూసి చెడిపోతున్నారు, సొంత బుద్ధి లేదు అని వగచే పెద్దలే ఆ విద్యకు ఆదిగురువులు. మాట రాని నాటి నుంచి మనం పిల్లల చెవిలో పోసే వాక్యాలు ఒకసారి నెమరు వేసుకోండి. ఎదురింటి పాప ఎట్లా తింటున్నదో చూడు. పక్కింటి అబ్బాయిని చూసైనా బుద్ధి తెచ్చుకో. నలుగురిలో నా పరువు తీయకు. అట్లా వెళితే నలుగురూ నవ్వుతారు. ఈ 'నలుగురు' ఎవరో, ఏ వీధిలో ఉంటారో ఎవరూ చెప్పరు. అడిగిన పిల్లవాడికి మొండివాడని పేరు. పదేళ్ల పాటు ఈ మంత్రమే జపింపజేసి, పదమూడో ఏట వాడు స్నేహితుణ్ణి చూసి జుట్టు కత్తిరించుకొని వస్తే, "వాళ్లు బావిలో దూకితే నువ్వూ దూకుతావా?" అని గద్దిస్తాం. దూకుతాడు మరి. నలుగురితో నారాయణ అన్నది మనమే.

ఇక మన పురాణజ్ఞానం. పోతనగారి సప్తమస్కంధం పద్యాలు పిల్లల చేత వల్లె వేయించి బహుమతులిస్తాం. ప్రహ్లాదుడు ఒంటరిగా నిలిచాడని వ్యాఖ్యానిస్తాం. కథ సరిగ్గా చదివినవారికి తెలుసు. గురువులు ఇంటిపనుల మీద వెళ్లిన వేళ అతడు తోటి రాక్షసబాలకులను దగ్గరికి పిలిచి, వారితో స్నేహంగా మాట్లాడి, తన వైపు తిప్పుకొన్నాడు. అంతటివాడికే తోడు కావలసివచ్చింది. మన మూడో తరగతి పిల్లవాడు మాత్రం ఏకాకిగా నిలవాలి!

పాతబస్తీ ఎరుగని చదువరుల కోసం కొంత వివరం చెప్పాలి. గౌలిపురా, లాల్‌దర్వాజా, అలియాబాద్, ఉప్పుగూడ, శాలిబండ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. పాలమూరు, నల్లగొండ పల్లెల నుంచి కూలికి వచ్చి స్థిరపడినవారూ ఉన్నారు. ఇక్కడి పిల్లవాడికి ఇంట్లో తెలంగాణ తెలుగు, గల్లీలో దక్కనీ ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, వాచకంలో మరొక తెలుగు. ఉదయం లేచింది మొదలు నాలుగు నోళ్లు మార్చుకోవాలి. ఏ చోట ఏ మాట అంటే నవ్వుతారో వాడికి ఎక్కాలకంటె ముందు తెలుస్తుంది.

నేను పనిచేసిన కాలంలో, ఆరో తరగతిలో, 'మా ఇల్లు' అనే అంశం మీద వ్యాసం రాయించి ఒక్కొక్కరి చేత చదివిస్తున్నాను. ఒక పిల్లవాడు లేచి, "మా అవ్వ పొద్దుగాల నాలుగింటికే లేస్తది" అని మొదలుపెట్టాడు. తరగతిలో ఎవరో "మీ నానమ్మనా?" అన్నారు. "కాదు, మా అవ్వ. నన్ను కన్న అవ్వ" అన్నాడు. ఇక నవ్వులే నవ్వులు. వాచకంలో అవ్వ అంటే ముసలమ్మ. కానీ తెలంగాణ పల్లెల్లో కన్నతల్లిని అవ్వ అనేవారు ఎందరో ఉన్నారు. ఉత్తర కర్ణాటకలోనూ అవ్వ అంటే తల్లే. ఆ సంగతి ఆ తరగతికి తెలియదు. వారం తిరిగేసరికి ఆ పిల్లవాడి నోటుపుస్తకంలో 'అవ్వ' కొట్టివేసి 'మమ్మీ' అని రాసి ఉన్నది. వ్యాసం పొడుగునా, ప్రతిచోటా.

ఎంత పని జరిగిందో చూడండి. తన తల్లిని తాను ఏమని పిలవాలో తరగతి నిర్ణయించింది. ఇంగ్లీషు వాచకం చేయలేని పని ఒక నవ్వు చేసింది. ఇది చిన్న సంగతి అనేవారు తమ తల్లిని ఒక్కరోజు మరొక పేరుతో పిలిచి చూడండి.

అప్పుడు వాణ్ణి పక్కకు పిలిచి ధైర్యం నూరిపోస్తే ఏమయ్యేది? వాడి మీద ఇంకొక బరువు పడేది. అందరూ నవ్వారన్న సిగ్గు ఒకటి, నవ్వుకు తట్టుకోలేకపోయానన్న సిగ్గు రెండోది. కనుక మరునాడు నల్లబల్ల మీద 'తల్లి' అని రాసి, ఎవరింట్లో ఏమంటారో వచ్చి రాయమన్నాను. అమ్మ, అమ్మీ, అమ్మా, ఆయీ, మా, మమ్మీ. బల్ల నిండుతున్నది. మన పిల్లవాడు కదలలేదు. చివరి బెంచీ నుంచి ఇంకొకడు లేచి, "మా ఇంట్ల గూడ అవ్వనే సార్" అన్నాడు. అంతవరకూ నోరు మెదపనివాడు, నిన్నటి నవ్వులో తానూ నవ్వినవాడే! 'అవ్వ' బల్లెక్కింది. మొదటివాడు ఆ రోజుకు ఏమీ అనలేదు. కొన్నాళ్లకు వాడి పుస్తకంలో మమ్మీలు తగ్గి అవ్వలు కనిపించాయి. నేను ఎర్రసిరా ముట్టలేదు.

పంతులుగారి కథకు ప్రమాణమేమిటని అడిగేవారు ఉంటారు. సాల్మన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో జరిపిన పరీక్షలు 1951లో వెలువడ్డాయి. ఒక గీతను చూపి, పక్కనున్న మూడు గీతల్లో దానితో సమానమైనది ఏదో చెప్పమంటాడు. పసిపిల్లలైనా చెప్పగల ప్రశ్న. అయితే గదిలో ఉన్నవారిలో ఒక్కరే అసలు పరీక్షార్థి. మిగతావారందరూ ముందే కూడబలుక్కొని తప్పు చెబుతారు. కాలేజీ చదివే యువకులు కంటి ఎదుట ఉన్నదాన్ని కాదని మూడింట ఒక వంతు పర్యాయాలు గుంపుతో పాటు తప్పే చెప్పారు. మరొక ఏర్పాటులో, ఆ గుంపులో ఒక్కడు మాత్రం సరైన జవాబు చెప్పేట్టు చేశాడు. లొంగుబాటు ఇంచుమించు నాలుగో వంతుకు పడిపోయింది. తోడున్న ఆ ఒక్కడు వీరుడు కానక్కర లేదు, ఉపన్యాసం ఇవ్వనక్కర లేదు. ఉంటే చాలు. నాలుగేళ్ల పిల్లల మీద జరిగిన ఇటువంటి పరీక్షలు కూడా 2011లో ప్రకటితమయ్యాయి. తోటివారి ముందు పైకి చెప్పవలసివచ్చినప్పుడు గుంపుతో కలిసిన పిల్లలు, ఎవరూ చూడకుండా చెప్పమన్నప్పుడు అంతగా కలవలేదు. అంటే సత్యం పిల్లవాడి లోపల చెడలేదు. దాక్కున్నది, అంతే.

దీనికి అంత దూరం పోనక్కర లేదు కూడా. మూసీకి ఆవలి గట్టున వివేకవర్ధని ఉన్నది. 1921 నవంబరులో అక్కడ సంఘసంస్కార సభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షులు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ప్రసంగాలను సభ ఆదరంగా విన్నది. ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడడానికి లేచేసరికి గేలి, అల్లరి. న్యాయస్థానంలో వాదించి బతికే మనిషి, ఈ నేలమీద అత్యధికులు మాట్లాడే భాషలో, మాట్లాడలేకపోయాడు. సింహంలా నిలవమని ఆయనకు ఏ వక్తా చెప్పలేదు కాబోలు!

తరువాతి సంగతి మన వికాసవక్తలు చెవిన వేసుకోవాలి. ఆ రాత్రి టేకుమాల రంగారావుగారి ఇంట పట్టుమని పదీ పన్నెండు మంది కూర్చున్నారు. ఆంధ్రజనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావుగారి వంటివారు దానిని పెంచారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభ జరిగింది. తెలంగాణలో కవులే లేరన్న మాట వినవచ్చినప్పుడు ఆ ప్రతాపరెడ్డిగారే 354 మంది కవులను ఒకచోట చేర్చి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అవమానం పడినవాణ్ణి 'నువ్వు గట్టిపడాలి' అని ఎవరూ ఇంటికి పంపలేదు. వెళ్లి పక్కన కూర్చున్నారు. పెద్దలకు అవసరమైన ఆ పక్కచోటు ఎనిమిదేళ్ల పిల్లలకు అనవసరమా?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. తోటివారి నుంచి పిల్లలు నేర్చుకోరాదా, మడి కట్టుకొని కూర్చోవాలా అని. మడి కట్టుకొమ్మని నేననను. గౌలిపురా పిల్లవాడికి ఉర్దూ ఏ పంతులు నేర్పాడు? గల్లీ క్రికెట్టు నేర్పింది. రంజాను నెలలో స్నేహితుడి వెంట చార్మినార్ దాకా వెళ్లి వచ్చినవాడూ, బోనాలనాడు ఆ స్నేహితుణ్ణి లాల్‌దర్వాజాకు తీసుకొచ్చినవాడూ ఏమీ పోగొట్టుకోలేదు. చేర్చుకోవడం వేరు, దాచుకోవడం వేరు. పిల్లవాడు కొత్త మాట తెచ్చుకుంటే సంతోషించండి. పాత మాట దాచేస్తే అడగండి. డబ్బాలో జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు ఉన్నవని మూత పూర్తిగా తీయకుండా, మూత చాటున తుంచుకు తినే పిల్లలను నేను ఏళ్ల తరబడి చూశాను. బడి గేటు దాకా రావద్దని తల్లిని వీధి మొగలోనే ఆపేసే పిల్లలనూ చూశాను. అక్కడ ఆగి చూడవలసింది పెద్దలు. వీరు ఫోనును తిడుతుంటారు. ఫోను రాకముందు కూడా ఆ డబ్బామూతలు అట్లాగే ఉండేవి.

గుంపు తనంతట తాను తయారైతే అదొక తీరు. పెద్దలే పూనుకొని గుంపును తయారుచేయడం ఉన్నదే, అది పాపం. జరిమానా బోర్డులున్న బడుల్లో కొన్నిచోట్ల ప్రతి తరగతికీ ఒక లీడరు ఉంటాడు. ఎవరు తెలుగు మాట్లాడారో, ఎవరు ఉర్దూ మాట్లాడారో చీటీ మీద రాసి ఇవ్వడం వాడి పని. తొమ్మిదేళ్లవాడికి తొమ్మిదేళ్లవాళ్ల మీద వేగు ఉద్యోగం! 2009 అక్టోబరులో కడప జిల్లా మైదుకూరులోని ఒక బడిలో తెలుగు మాట్లాడినందుకు పసిపిల్లల మెడల్లో, ఇక తెలుగు మాట్లాడనని ఇంగ్లీషులో రాసిన పలకలు వేలాడదీశారు. పత్రికలు రాశాయి, రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. అందరూ మనవాళ్ల వింత దుర్మార్గమనుకున్నారు. వింత కాదు, పాత యంత్రమే. పంతొమ్మిదో శతాబ్దపు వేల్స్‌లో వెల్ష్ భాష పలికిన పిల్లవాడి మెడలో ఒక చెక్కముక్క వేసేవారు. వాడు మరొకడు వెల్ష్ మాట్లాడుతుండగా పట్టుకుంటే చెక్క వాడి మెడకు మారుతుంది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. జపానువారు ఒకినావా బడుల్లో ఇటువంటి పలకనే వాడారు. కెన్యా రచయిత గూగీ వా థియాంగో తన బడిలో గికుయు మాట్లాడినవారి చేతికి ఒక బొత్తాం ఇచ్చేవారనీ, అది చేతులు మారుతూ పోయేదనీ 1986 నాటి పుస్తకంలో రాశాడు. మూడు ఖండాల్లో ఒకటే యుక్తి. పంతులు కొట్టవలసిన పని తగ్గుతుంది. పిల్లలే పిల్లలను వేటాడతారు. ఆ తరువాత దానికే తోటివారి ఒత్తిడి అని పేరు పెట్టి, దాని నివారణకు వక్తను పిలవవచ్చు.

గాంధీగారి ఆత్మకథలో కెటిల్ ముచ్చట మా ఉపాధ్యాయులందరికీ కంఠస్థం. రాజకోట హైస్కూలుకు జైల్స్ అనే ఇన్‌స్పెక్టరు వచ్చి ఐదు మాటలు రాయమన్నాడు. మోహన్‌దాస్ ఒకటి తప్పు రాశాడు. పక్కవాడి పలక చూసి దిద్దుకొమ్మని ఉపాధ్యాయుడు బూటుతో పొడిచినా దిద్దుకోలేదు. ఈ కథ చెప్పి, చూశారా ఎంత సత్యసంధుడో అని పిల్లల వైపు వేలు చూపిస్తాం. ఆ బూటు ఎవరిదో ఆలోచించామా? అందరిలా ఉండమని పిల్లవాణ్ణి పొడిచింది తోటి పిల్లవాడు కాదు, పంతులు. పై అధికారి ముందు తన తరగతి ఒకే తీరుగా కనబడాలని అతడి తాపత్రయం.

అదే బాలుడు కొన్నేళ్లకు ఒక స్నేహితుడి మాటకు లొంగి చాటుగా మాంసం తిన్నాడు. అది కూడా ఆ పుస్తకంలోనే ఉన్నది, కానీ పిల్లలకు చెప్పేటప్పుడు చాలామంది దాటవేస్తారు. నాకు ఈ రెండో కథే ఎక్కువ ఇష్టం. పుట్టుసింహాలు ఉండవని దానివల్ల తెలుస్తుంది. మరి ఆయన్ను వెనక్కు లాగింది ఏమిటి? తల్లిదండ్రులతో అబద్ధమాడలేకపోవడం. తరువాత బంగారపు ముక్క దొంగిలించిన సంగతి కాగితం మీద రాసి ఇచ్చినప్పుడు తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. కన్నీరు పెట్టుకొని కాగితం చింపివేశాడు. అట్లాంటి ఇల్లు ఉన్న పిల్లవాడు ఏ గుంపులోకి వెళ్లినా తిరిగి రాగలడు. 'మన పరువు తీశావు' అని తలుపు మూసే ఇల్లైతే వాడికి మిగిలేది ఆ గుంపే.

పెద్దలు మారితే పిల్లలు ఎంత త్వరగా మారతారో కూడా మేము చూశాం. నా తరం చూసిన తెలుగు సినిమాల్లో తెలంగాణ మాట ఎక్కువగా రౌడీకో హాస్యగాడికో దక్కేది. మా తరగతుల్లో నవ్వు అక్కణ్ణుంచే వచ్చేది. పిల్లలు దాన్ని కనిపెట్టలేదు. 2014లో రాష్ట్రం వచ్చింది, కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. 2017లో 'ఫిదా' కథానాయిక ఆ మాటలే మాట్లాడితే రెండు రాష్ట్రాలూ ముచ్చటపడ్డాయి. 2023లో 'బలగం' చూసి ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి. ఏ పిల్లవాడికీ ఎవరూ కొత్తగా ధైర్యం పోయలేదు. పెద్దలు నవ్వడం మానారు, అంతే.

2018లో తెలంగాణ ప్రభుత్వం అన్ని బడుల్లోనూ తెలుగు బోధన తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. సంతోషం. చట్టం పీరియడు ఇవ్వగలదు, ఇంటర్వెల్లు ఇవ్వలేదు. పిల్లల బతుకు ఇంటర్వెల్లులో ఉంటుంది. కనుక యాజమాన్యాలను నేను అడిగేది చట్టంతో పనిలేనిది. ఆ జరిమానా బోర్డు దించండి, ఆ వేగు పదవి రద్దు చేయండి. ఇంగ్లీషు బాగా నేర్పండి, ఎవరు వద్దన్నారు? ఉపాధ్యాయ మిత్రులను అడిగేది ఇంకా చిన్నది. పిల్లవాడి మాట విని తరగతి నవ్వినప్పుడు మీరు మాత్రం చిరునవ్వైనా చిందించకండి. కుర్చీలోంచి వచ్చిన చిరునవ్వు నలభై మందికి అనుమతిపత్రం.

తల్లిదండ్రులకు ఒక్క మాట. బడి నుంచి వచ్చిన పిల్లవాడు "అందరూ నవ్విన్రు" అని మొహం వేలాడేస్తే, పట్టించుకోకు పొమ్మనకండి. వాడు పట్టించుకున్నాడు గనుకనే మీ దగ్గరకు వచ్చాడు. నవ్వినవాళ్ల పేర్లు అడిగి మర్నాడు బడి మీదికి యుద్ధానికీ పోకండి. నవ్వనివాడు ఎవరని అడగండి. ఆలోచిస్తాడు. నలభై మందిలో ఒకడో ఇద్దరో ఉంటారు. వాడు అంతవరకూ వాళ్లను చూసి ఉండడు. ఆ పేరు చెప్పాక, ఆ పిల్లవాణ్ణి ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలవండి. ప్రత్యేకంగా ఏమీ వండవద్దు, జొన్నరొట్టెలే చేయండి.